జావాస్క్రిప్టు భాష: దాని వ్యాకరణము



రైలు టిక్కెట్టు కొనుటకో, పరీక్షా ఫలితము చూచుటకో, కరెంటు బిల్లు చెల్లించుటకో మనము నేడు వెబ్ పేజీని తెరచుచున్నాము. ఆ పేజీ వెనుక మూడు భాషలు కలిసి పనిచేయుచుండును. మొదటిది హెచ్.టి.ఎమ్.ఎల్.; ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ, ఇది మీట అని పేజీలోని భాగములను నిర్దేశించును. రెండవది సి.ఎస్.ఎస్.; ఆ భాగములకు రంగును, కొలతను, అమరికను సమకూర్చును. మూడవది జావాస్క్రిప్టు. మీట నొక్కినచో ఏమి జరుగవలెను, గడిలో వ్రాసిన పేరును అంగీకరింపవలెనా తిరస్కరింపవలెనా, మొత్తము సొమ్ము ఎంత అయినది - బ్రౌజరులో జరుగు ఇట్టి నిర్ణయములు చాలవరకు దానివే. మొదటి రెండు భాషలును రూపమును చెప్పును. మూడవది క్రియను చెప్పును.

ఈ మూడవ భాష వ్యాకరణమే నేటి ప్రసంగ విషయము. రేడియోలో నల్లబల్లకు తావు లేదు గనుక గుర్తులను పేర్లతోనే చెప్పెదను. చేతిలో కాగితము, పెన్సిలు ఉన్నవారు వ్రాసికొనుచు వినవచ్చును.

ప్రతి భాషకును ఒక స్వభావముండును. జావాస్క్రిప్టు స్వభావము రెండు నియమములలో ఇమిడియున్నది. సాధ్యమైనంతవరకు పనిని ఆపకుండుట మొదటిది. ఒకనాడు నడచిన పేజీని తరువాత ఎన్నడును చెడగొట్టకుండుట రెండవది. ఈ భాషలోని సౌకర్యములును, దీని వలన కలుగు చిక్కులును చాలవరకు ఈ రెండింటినుండియే పుట్టినవి.

1995 మే నెలలో, అమెరికాలోని నెట్‌స్కేపు సంస్థలో పనిచేయుచున్న బ్రెండన్ ఐక్ దీని తొలి రూపమును పది దినములలో నిర్మించెను. మొదట దానికి మోచా అను పేరుండెను. పిదప లైవ్‌స్క్రిప్ట్ అనిరి. ఆ సంవత్సరము డిసెంబరులో జావాస్క్రిప్టు అను పేరు స్థిరపడెను. ఆనాడు సన్ మైక్రోసిస్టమ్స్ వారి జావా భాషకు గొప్ప ప్రచారముండుటయే ఈ నామకరణమునకు కారణము. వాక్యముల పైరూపము జావాను పోలినదే యైనను, లోపలి జీవము వేరు. ఫంక్షన్ల పద్ధతి స్కీమ్ అను భాషనుండియు, వస్తువుల పద్ధతి సెల్ఫ్ అను భాషనుండియు వచ్చినవి. కనుక జావా నేర్చినవాడు జావాస్క్రిప్టు నేర్చినట్లు కాదు. 1997 జూన్‌లో జెనీవాలోని ఎక్మా సంస్థ తన 262వ ప్రమాణముగా ఈ భాష వ్యాకరణమును ప్రకటించెను. 2015 మొదలు ఆ ప్రమాణము ప్రతి సంవత్సరము క్రొత్త కూర్పుగా వెలువడుచున్నది.

ఇక వ్యాకరణములోనికి ప్రవేశింతము. ఇందు ఆజ్ఞలు వాక్యములుగా నుండును. వాక్యాంతమున సెమికోలను ఉంచుట ఆచారము. ఉంచకపోయినను అనేక సందర్భములలో భాష తానే ఊహించి చేర్చుకొనును. ఇది పనిని ఆపని స్వభావమునకు మొదటి ఉదాహరణము. కాని ఈ ఊహ ఒక్కొక్కప్పుడు పెడదారి పట్టును. ఫంక్షను తన ఫలితమును తిరిగి ఇచ్చుటకు "రిటర్న్" అను మాట కలదు. ఆ మాట వ్రాసి, ఫలితమును తరువాతి పంక్తిలో వ్రాసినచో, భాష రిటర్న్ వెంటనే సెమికోలను ఉన్నట్లు భావించి రిక్తహస్తములతో మరలిపోవును. తప్పు జరిగినదని ఎవ్వరికిని చెప్పదు.

విలువలకు పేరు పెట్టుటకు మూడు మాటలు కలవు: వార్, లెట్, కాన్‌స్ట్. వార్ మొదటినుండియు ఉన్నది. తక్కిన రెండును 2015లో వచ్చినవి. లెట్‌తో పెట్టిన పేరునకు తరువాత వేరొక విలువ నీయవచ్చును. కాన్‌స్ట్‌తో పెట్టిన పేరు ఒకే విలువకు కట్టుబడియుండును. ఈ రెండును తాము పుట్టిన ఫ్లవర్ బ్రాకెట్ల నడుమనే చెల్లును. వార్‌తో పెట్టిన పేరు అట్లు కాక ఫంక్షను అంతటను వ్యాపించును. నేడు వ్రాయువారు సాధ్యమైనచోట కాన్‌స్ట్‌ను, మార్పు అవసరమైనచోట లెట్‌ను వాడుట మంచిది. ఇందు మనకు సంతోషకరమైన విషయ మొకటి కలదు: పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును. "ధర", "మొత్తము" అని వ్రాసినను భాష అంగీకరించును. ఇఫ్, ఫర్ మొదలైన స్థిరపదములు మాత్రము ఇంగ్లీషువే.

జావాస్క్రిప్టులో విలువల తెగలు ఎనిమిది. నిత్యము వాడుకలోనివి సంఖ్య, స్ట్రింగు అనబడు అక్షరమాల, నిజము-అబద్ధము అను జంట, "ఇంకను విలువ రాలేదు" అను అర్థముగల అన్‌డిఫైన్డ్, "విలువ లేదని తెలిసియే చెప్పుచున్నాను" అను అర్థముగల నల్, పెక్కింటిని కూర్చి ఉంచు ఆబ్జెక్టు. కడమవి సింబల్, బిగ్‌ఇంట్ అనునవి. ఇందు ముఖ్యముగా గమనింపవలసినది, తెగ విలువకేగాని పేరునకు లేదు. ఉదయము సంఖ్యను మోసిన పేరు సాయంత్రము స్ట్రింగును మోయవచ్చును. కొన్ని ఇతర భాషలు దీనిని మొదటనే అడ్డగించును, జావాస్క్రిప్టు అడ్డగింపదు.

దీని ఫలము ఒక దుకాణపు బిల్లులో చూతము. కొనువారు పేజీలోని గడిలో 500 అని వ్రాసిరి. రవాణా ఖర్చు 30 రూపాయలు. రెండింటి నడుమ ప్లస్ గుర్తు ఉంచి మొత్తమడిగినచో 530 రాదు, 50030 వచ్చును. ఏలయన, గడిలో వ్రాసినది అంకెలవలె కనబడినను అది స్ట్రింగే. ప్లస్ గుర్తునకు ఒకవైపున స్ట్రింగున్నచో, భాష రెండవదానిని కూడ స్ట్రింగుగా మార్చి రెండింటిని సంధి చేయును. అదే 500 అను స్ట్రింగులోనుండి 30ని మైనస్ గుర్తుతో తీసివేసినచో 470 అని సరిగా వచ్చును. స్ట్రింగులకు తీసివేత లేదు గనుక రెండును సంఖ్యలుగా మారును. ఒకచోట సంధి, ఒకచోట లెక్క! తప్పు సందేశము ఎక్కడను రాదు. కొనువారికి యాభైవేల ముప్పది రూపాయల బిల్లు మాత్రము వచ్చును. ఔషధము సులభమే: గడిలోనుండి వచ్చినదానిని "నంబర్" అను ఫంక్షనుకిచ్చి, ముందు సంఖ్యగా మార్చుకొని, పిదప లెక్క చేయవలెను. కొనువారు తెలుగు అంకెలలో ౫౦౦ అని వ్రాసినచో ఆ ఫంక్షను వానిని గుర్తింపలేక "నాన్", అనగా "సంఖ్య కానిది" అను విలువ నిచ్చును. ఆ నాన్ తనకు తానే సమానము కాదు, అదియొక విచిత్రము.

సమానత్వమును పరీక్షించుటకు రెండు గుర్తులు కలవు. రెండు సమాన చిహ్నములు వరుసగా వ్రాసినచో, భాష అవసరమును బట్టి తెగలు మార్చి పోల్చును; 5 అను సంఖ్యయు, 5 అను స్ట్రింగును సమానములని చెప్పును. మూడు సమాన చిహ్నములు వ్రాసినచో తెగయు విలువయు రెండును కలిసిననే సమానమనును. మూడు చిహ్నముల పద్ధతియే క్షేమకరము.

నియమవాక్యములకు ఇఫ్, ఎల్స్ అను మాటలును, ఆవృత్తికి ఫర్, వైల్ అను మాటలును కలవు. ఇఫ్ వెంట వచ్చు బ్రాకెట్లలో ఏ విలువ నుంచినను భాష దానిని నిజముగానో అబద్ధముగానో భావించును. సున్న, ఖాళీ స్ట్రింగు, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ - ఇవి అబద్ధపు పంక్తిలోనివి. ఒక పాఠశాల మార్కుల పట్టికను తలచుకొనుడు. "మార్కులున్నచో చూపుము, లేనిచో గైర్హాజరు అని వ్రాయుము" అని తొందరగా వ్రాసిన ప్రోగ్రాము, పరీక్షకు వచ్చి సున్న తెచ్చుకొన్న బాలుని కూడ గైర్హాజరుగా చూపును. సున్న వేరు, లేకపోవుట వేరు. ఈ భేదమును పాటించుటకై 2020 కూర్పులో రెండు ప్రశ్నార్థక చిహ్నముల గుర్తు నొకదానిని చేర్చిరి. అది నల్‌ను, అన్‌డిఫైన్డ్‌ను మాత్రమే లేమిగా ఎంచును. సున్నను సున్నగానే గౌరవించును.

వరుసగా విలువలను నిలుపు పట్టికను అర్రే అందురు. 9, 10, 100 అను మార్కులను అర్రేలో ఉంచి "సార్ట్" అని ఆజ్ఞాపించినచో 10, 100, 9 అను క్రమము వచ్చును. నిఘంటువులో పదములవలె మొదటి అక్షరమును బట్టి పేర్చుటయే దానికి సహజపద్ధతి. సంఖ్యాక్రమము కావలెనన్నచో ఏ రెండింటిలో ఏది ముందో చెప్పు ఫంక్షనును మనమే ఈయవలెను.

ఈ ఫంక్షనే భాషకు ప్రాణము. కొన్ని విలువలు పుచ్చుకొని, పనిచేసి, ఫలితమిచ్చు వాక్యసముదాయమే ఫంక్షను. జావాస్క్రిప్టులో అదియు ఒక విలువయే. దానికి పేరు పెట్టవచ్చును, పెట్టకపోవచ్చును. మరియొక ఫంక్షనుకు దానిని అందింపవచ్చును. ఒక ఫంక్షనునుండి ఫలితముగా పొందవచ్చును. ఒక ఫంక్షను లోపల పుట్టిన ఫంక్షను, బయటికి పోయిన తరువాత కూడ తన పుట్టింటి పేర్లను మరువదు. దీనిని క్లోజర్ అందురు. ఆసుపత్రిలో వరుస చీట్లిచ్చు ప్రోగ్రామును ఊహింపుడు. సంఖ్యను లోపల దాచియుంచిన పెద్ద ఫంక్షను, చీటీనిచ్చు చిన్న ఫంక్షనును బయటికి పంపును. చిన్న ఫంక్షనును పిలిచినప్పుడెల్ల తరువాతి సంఖ్య వచ్చును. కాని బయటివారెవ్వరును ఆ సంఖ్యను నేరుగా ముట్టి మార్చలేరు. వరుస తప్పి ముందునకు పోవువారికి అక్కడ దారి లేదు.

ఆబ్జెక్టు అనగా పేరును విలువయు జంటలుగా ఉంచిన పెట్టె. విద్యార్థి అను ఆబ్జెక్టులో పేరు, ఊరు, మార్కులు ఉండవచ్చును. అడిగినది తనలో లేనిచో ఆబ్జెక్టు తన ప్రోటోటైపు అను పెద్దదాని నడుగును. అందును లేనిచో ఆ పెద్దది తన పెద్దదాని నడుగును. మన యింట రుబ్బురోలు లేనప్పుడు పెద్దమ్మగారి యింటికి పోయినట్లే. ఆ వరుస తుదిముట్టినను దొరకనిచో అన్‌డిఫైన్డ్ వచ్చును. 2015లో చేర్చిన "క్లాస్" అను మాట ఈ పద్ధతికే చక్కని వాక్యరూపము నిచ్చినది. అడుగున ప్రోటోటైపుల గొలుసు అట్లే యున్నది.

ఇక కాలము సంగతి. మన కాఫీ హోటలులో సర్వరు ఒక్కడే యున్నాడనుకొనుడు. ఒక బల్లవారు దోసె చెప్పిన వెంటనే ఆ మాట వంటయింటికి చేరవేసి, దోసె కాలువరకు పొయ్యి దగ్గర నిలువక, రెండవ బల్లకు పోవును. వంటయింటినుండి పిలుపు రాగానే, చేతిలోని పని ముగించి, దోసె తెచ్చియిచ్చును. వెబ్ పేజీలో జావాస్క్రిప్టు మామూలుగా ఈ విధముననే పనిచేయును. దూరపు కంప్యూటరునుండి సమాచారము తెమ్మని చెప్పి, అది వచ్చువరకు ఇతర పనులు చూచుచుండును. కాని సర్వరే ఒక బల్ల దగ్గర కూర్చుండి పెద్ద లెక్క మొదలిడినచో హోటలంతయు స్తంభించును. పేజీయు అట్లే బిగుసుకొనిపోవును. రాబోవు ఫలితమునకు గుర్తుగా ఇచ్చు టోకెనును ప్రామిస్ అందురు. అది 2015 కూర్పులోనిది. ఆ టోకెనులతో పనిచేయుటను సాధారణ వాక్యములవలె వ్రాయుటకు అసింక్, అవైట్ అను మాటలు 2017లో వచ్చినవి. టోకెను తీసికొన్నవారు దోసె రాని పక్షమున ఏమి చేయవలెనో కూడ ముందే వ్రాసియుంచవలెను. ఏలయన తీగ తెగవచ్చును, దూరపు కంప్యూటరు పలుకకపోవచ్చును.

ఇన్ని చిక్కులున్నప్పుడు భాషను సరిదిద్దరాదా అని మీరడుగవచ్చును. ఇచ్చట రెండవ నియమము అడ్డువచ్చును. ఒక విలువ ఏ తెగదో చెప్పుటకు "టైపాఫ్" అను మాట కలదు. నల్‌ను గూర్చి అడిగినచో అది ఆబ్జెక్టు అని చెప్పును. ఇది తొలినాటి పొరపాటు, అందరికిని తెలిసినదే. సరిదిద్దవలెనని సూచనయు వచ్చినది. కాని ఆ పొరపాటును నమ్మి వ్రాసిన పాత పేజీలు చెడునని విరమించిరి. అట్లే ఈ భాషలో తొలినుండియు ఉన్న "డేట్" పద్ధతిలో నెలలు సున్నతో మొదలగును. జనవరి సున్న, డిసెంబరు పదకొండు. 2018లో మరియొక ముచ్చట జరిగినది. అర్రేలోని అర్రేలను చదును చేయు క్రొత్త సాధనమునకు "ఫ్లాటెన్" అని పేరు పెట్టదలచిరి. కాని మూటూల్స్ అను పాత గ్రంథాలయమును ఆధారము చేసికొనిన పేజీలు ఆ పేరు వలన చెడునని తేలెను. ఎక్కడో ఎవ్వరో వ్రాసి విడిచిన పేజీల కొరకు ప్రమాణసంఘమువారు తమ పేరును మార్చుకొనిరి. "ఫ్లాట్" అని 2019 కూర్పులో చేర్చిరి.

దీనిని కొందరు బలహీనత యందురు. నాకట్లు తోచదు. చిన్న ఊరిలోని బడిపంతులు తన శిష్యుల కొరకు ఇరువది యేండ్ల క్రిందట వ్రాసిన శుద్ధమైన జావాస్క్రిప్టు పాఠము నేటి బ్రౌజరులో తెరచుకొనగలదన్నచో, అది ఈ ఓర్పు ఫలమే. మన వ్యాకరణములలో "బహుళము" అని యొక మాట కలదు. ప్రయోగములోనికి వచ్చినదానిని త్రోసివేయజాలక పండితులు దానికి చోటిచ్చిరి. జావాస్క్రిప్టు పెద్దలును అదే చేసిరి. పాతదానిని తీసివేయక, ప్రక్కన మంచి దారి వేసిరి. వార్ ఉండగనే లెట్ వచ్చినది. రెండు సమాన చిహ్నములు ఉండగనే మూడు వచ్చినవి. 2009 కూర్పులో "యూజ్ స్ట్రిక్ట్" అను ప్రతిజ్ఞావాక్యము వచ్చినది. ప్రోగ్రాము తలభాగమున దానిని వ్రాసినవారికి భాష కఠినముగా మారును. మామూలుగా "మొత్తము" అనవలసినచోట "మొతము" అని తప్పు వ్రాసి విలువ నిచ్చినచో భాష మారుమాటాడక క్రొత్త పేరును పుట్టించును. ప్రతిజ్ఞ చేసినచో అక్కడనే ఆపి తప్పు చూపును. కఠినత్వము కోరినవారికే లభించును.

తుదకు, మన తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది. స్ట్రింగు పొడవు నడుగుటకు "లెంగ్త్" అను గుణము కలదు. "తెలుగు" అను మాట పొడవెంత? మన చెవికి మూడక్షరములు. జావాస్క్రిప్టు ఆరు అని చెప్పును. త, దానిపై ఎత్వము, ల, దానికి కొమ్ము, గ, దానికి కొమ్ము - వీనిని విడివిడిగా లెక్కించుటయే కారణము. "శ్రీ" మనకు ఒక్క అక్షరము, దానికి నాలుగు. "వెంకటలక్ష్మి" అను పేరు మనకు అయిదక్షరములు, దానికి పన్నెండు. ఇప్పుడొక దరఖాస్తు పేజీని తలచుకొనుడు. పేరు పది అక్షరములకు మించరాదని ఇంగ్లీషు పేర్లను మనస్సులో ఉంచుకొని ఎవ్వరో నియమము వ్రాసిరి. వెంకటలక్ష్మి అను బాలిక తన పేరును తన లిపిలో వ్రాసినచో పేజీ త్రోసిపుచ్చును. ఆ బిడ్డ పేరులో దోషము లేదు. భాష చెప్పిన లెక్కయు దాని నియమము ప్రకారము సరియైనదే. దోషము, ఆ లెక్కకు అర్థమేమో విచారింపక నియమము వ్రాసినవారిది. చదువరి కంటికి కనబడు రీతిని స్ట్రింగును విభజించుటకు సెగ్మెంటర్ అను సాధనము నేటి బ్రౌజర్లలో కలదు. సంఖ్యలను పన్నెండు లక్షలు, ముప్పది నాలుగు వేలు అని మన పద్ధతిలో కామాలుంచి చూపుటకును సాధనము కలదు. భాష తనంతట అడుగదు. వ్రాయువారే కోరి వాడుకొనవలెను.

ఈ భాష నేర్చుటకు వేరే ఖర్చు లేదు. కంప్యూటరులోని బ్రౌజరే దానికి పాఠశాల. నేను చెప్పిన ఉదాహరణములను విద్యార్థులు తామే వ్రాసి చూడవచ్చును. బిల్లులో 500, 30 కలిపి చూడుడు. మార్కులను సార్ట్ చేసి చూడుడు. మీ పేరు పొడవును అడిగి చూడుడు. వచ్చిన ఫలితము వింతగా తోచినచో, ఏ నియమము వలన వచ్చినదో వెదకుడు. నియమము తప్పక దొరకును. జావాస్క్రిప్టు ఎవ్వరిని గద్దింపదు. తప్పుగా వ్రాసినవారి పనిని కూడ సాగనిచ్చును. అందువలన, కావలసిన గద్దింపును వ్రాయువారే తమకు తాము చేసికొనవలెను. ఆ పని చేయనిచో నష్టపడువారు వ్రాసినవారు కారు. బిల్లు చెల్లించువారును, మార్కుల కొరకు ఎదురుచూచువారును, తమ పేరును తమ లిపిలో వ్రాసికొనదలచినవారును.